చీకటి ఇంటి తలుపు

మాట 1: సత్రం రేవు

సత్రం ఉండాల్సిన చోట సత్రం లేదు. దాన్ని కట్టేసిన తాళ్ళు మాత్రం నీళ్ళలో నానుతూ ఉన్నాయి. రేవు పక్కన సగం మునిగిన పాత బస్ షెల్టర్ కప్పు మీద ఒకతను కూర్చుని గేలం వేస్తుంటే, బండి ఆపి అడిగాను.

"ఏమప్పా, ఈడ సత్రం ఉండల్ల కదా. యాడికి పాయ?"

"తేలే సత్రం కదండీ. అడుగు కారతందని అవతలి పాయకి లాక్కెల్లేరండి, మరమ్మత్తుకి. వారం పైనే అయ్యిందండి."

సత్రాన్ని ఎత్తుకుపోయే ఊరిని నా జన్మలో ఇదే చూడటం. మా కదిరి పక్క సత్రం పాడైతే మర్యాదగా ఉన్నచోటే పాడవుతుంది.

"మరి పండుకునేదెట్ల?"

"దానికేవుందండీ. ఈ కట్ట పొడుగునా ఇళ్ళేనండి. దారినపోయేవోళ్ళకి పడక లేని ఇల్లు లేదండి మా లంకల్లో. వాకిట్లో దీపం ఉంటాదండి, అది సూసుకుని ఎల్లడమే."

ఆ మాటతో కాస్త ఊపిరి తీసుకున్నాను. దీపం చూసుకోవడం ఎంతసేపు?

నా పేరు ఓబులమ్మ. బండి చెప్పమంటోంది కాబట్టి ఈ మాటలు చెబుతున్నాను. చీకటి పడ్డాక ఒంటరిగా తోలేవాళ్ళు మధ్యమధ్య బండికి నాలుగు మాటలు చెప్పాలని నియమం. అర్థమయ్యేలా వరసగా చెబితే మెలకువగా ఉన్నట్టు లెక్క. నిద్రమత్తులో ఉన్న మనిషి అబద్ధమైనా చెప్పగలడు కానీ వరసగా చెప్పలేడట. నేను మా యాసలో చెబుతుంటే బండి దాన్ని అచ్చు తెలుగులోకి మార్చి రాసుకుంటుంది. అందుకే ఇందులో నేను పెద్ద చదువులు చదివినదానిలా కనిపిస్తాను. ఎదురెదురుగా మాట్లాడుకున్నవి మాత్రం ఉన్నవున్నట్టే రాయాలట, సాక్ష్యం కింద.

మాటలు వింటూనే బండి నా కళ్ళ మీద ఒక కన్నేసి ఉంచుతుంది. రెప్ప వాలిందంటే ఒక కునుకు. మూడో కునుకు పడితే ఉన్నచోటే ఆగిపోతుంది. నేను కడుపునిండా నిద్రపోయి లేచేదాకా దాన్ని దేవుడు దిగొచ్చినా కదిలించలేడు. ఒక కునుకు అప్పుడే అయిపోయింది, గోదారి వంతెన మీద. చల్లగాలికి ఒక్క క్షణం కళ్ళు మూశాను, అంతే. బండి ఊరుకుంటుందా?

మా ఊళ్ళో ఎక్కడ ఆగినా నష్టం లేదు. ఇక్కడ మిగిలింది ఈ ఒక్క కట్టబాట. సముద్రం లోపలికొచ్చాక రోడ్లన్నీ పోయి, ఇది ఒక్కటి నిలిచింది. పాటు వేళ టైరు తడవదు. పోటు వేళ నడుముల్లోతు నీళ్ళు. ఈ రాత్రి పోటు తెల్లవారకముందే వస్తుందట.

వెనక నలభై పెట్టెల్లో తేనెటీగలున్నాయి. పగలు తీసుకొస్తే ఎండకి పెట్టెల్లోనే ఉడికిపోతాయి, అందుకే ఈ రాత్రి ప్రయాణం. మా గుట్ట మీద ఒక రాతి గుండు సందులో మిగిలిన ఒకే ఒక్క పట్టు నుంచి ఏళ్ళ తరబడి పెంచిన సంతతి ఇది. మా చుట్టుపక్కల ఇంకెక్కడా తేనెటీగ లేదు. అవతల పడమటిలంకలో నీళ్ళ మీద తేలే తెప్ప తోటల వాళ్ళు ఈ పూతకి పంపమన్నారు. మర ఈగల్ని తెచ్చుకున్నారట, ఉప్పుగాలికి తుప్పు పట్టి పోయాయి. ఇవి కూడా నీళ్ళపాలైతే నేను మళ్ళీ ఏ గుండు సందులో వెతకను?

కాబట్టి పోటు వచ్చేలోపు బండి ఎక్కే మెరక ఒకటి, నేను నడుం వాల్చే చాప ఒకటి దొరకాలి. ఇంతే నా సమస్య. చూడబోతే చిన్నదే.

మాట 2: కట్టబాట మీద

రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో నేను. తలలు రాలిన కొబ్బరి మాన్లు వరసగా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. కరెంటు స్తంభాల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో నీటికాకి. మా పక్క నీళ్ళంటే ట్యాంకరు తెచ్చేవే. ఇన్ని నీళ్ళని ఒకేచోట చూసేసరికి కడుపు నిండింది. పీతలు రోడ్డు దాటుతున్నాయి. పీతకి హారన్ కొట్టడం నాకు ఇదే మొదలు. అది ఆగి నా వైపు చూసి, తన దారిన తను పోయింది.

ఇళ్ళున్నాయి. అతను చెప్పింది నిజమే. కట్టని ఆనుకుని, లావుపాటి గుంజల మీద కట్టిన ఇళ్ళు. ప్రతి ఇంటి పక్కనా ఒక ఎత్తైన మట్టి దిమ్మ, బండి ఎక్కడానికి వాలుగా. వాకిట్లో ఒక గుంజకి దీపం వేలాడుతూ ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఆ దీపాలు వెలగడం లేదు. వరసపెట్టి ఇంటి తర్వాత ఇల్లు చీకటి. అందరూ దీపాలార్పి ముసుగుతన్ని పడుకున్నారు. ఒక ఇంటి ముందు నెమ్మదిగా పోతుంటే లోపల ఎవరో దగ్గారు. నిద్రలో దగ్గు. మా చిన్నాయన అట్లే దగ్గేవాడు.

"ఓబులమ్మగారూ, ఎడమవైపు వాహనం నిలిపే దిమ్మ ఉంది" అంది బండి.

"ఉండాది, కనపడతాంది. ఇల్లు చీకటిగుండాది, నీకు కనపడలేదా?"

"చీకటి వల్ల దిమ్మకు ఇబ్బంది లేదు."

దీనికి ఎట్లా చెప్పాలి? మా పక్క దీపం ఆర్పిన ఇంటి తలుపు చావు కబురుకే తడతారు. ఇంక దేనికీ తట్టరు. పాము కరిచినా వెలుగున్న ఇంటికే పరిగెత్తుతారు. మా నాయన పోయిన రాత్రి ఊరంతా తిరిగి తలుపులు తట్టింది నేనే, అప్పటికి నాకు పన్నెండేళ్ళు. తలుపు తీసి నన్ను చూడగానే ఒక్కొక్కరి మొహం ఎట్లా మారిందో ఇప్పటికీ నా కళ్ళలోనే ఉంది. ఆ తర్వాత చీకటి ఇంటి తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యబోను కూడా. అదిగో, దూరంగా ఒక దీపం వెలుగుతోంది. అక్కడికే పోతాను.

మాట 3: వెలుగున్న ఇల్లు

పనయ్యిందనుకున్నాను. దీపం నిండుగా వెలుగుతోంది. అరుగు మీద లుంగీ కట్టుకున్న మనిషి వల బాగుచేసుకుంటున్నాడు. బండి శబ్దానికి తలెత్తి, నన్నూ దీపాన్నీ మార్చిమార్చి చూశాడు.

"అన్నా, రాత్రికి ఇంత చోటిస్తావా? బండి దిమ్మ మీద పెట్టుకుంటా."

"అయ్యో, అక్కగారండీ" అన్నాడు, నన్ను ఏదో నష్టపెట్టినట్టు మొహం పెట్టి. "దీపం సూత్తానే ఉన్నారు కదండీ."

"చూసే వచ్చినా."

"ఆయ్, సూసి కూడా వచ్చేరాండీ?"

వల పక్కన పెట్టి లేచాడు. తర్వాత లోపలికి చెయ్యి చూపించాడు. ఉన్న ఒక్క మంచం మీద ఒక పెద్దమనిషి, నెత్తి కింద ఉప్పు సంచి పెట్టుకుని, గుర్రు కొడుతున్నాడు. దిమ్మ మీద అతని బండి. ఇంకో బండికి చోటు లేదు. నిజమే, అతను అబద్ధమాడలేదు.

"ముందుకెల్లండి అక్కగారండీ. బోల్డు ఇళ్ళున్నాయండి. కాళీలే ఎక్కువండి ఇయ్యాల."

మంచినీళ్ళు తాగుతారా అన్నాడు. తాగాను, ఉప్పగా ఉన్నాయి. మొహం మీద ఇంకొన్ని కొట్టుకుని బయల్దేరాను. ఖాళీలే ఎక్కువట. మరి ఆ ఖాళీలవాళ్ళు దీపం పెట్టుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది? ముందు ఇంకా ఎన్ని ఇళ్ళు ముసుగుతన్నాయో చూడాలి.

మాట 4: నీళ్ళు రోడ్డెక్కాక

రెండో కునుకు పడింది. ఒప్పుకుంటున్నాను. మడ చెట్ల మధ్య రోడ్డు సూదిలా తిన్నగా ఉంది, వెనక పెట్టెల్లో ఈగల రొద జోలపాటలా ఉంది, ఎవరికైనా పడుతుంది.

"ఓబులమ్మగారూ, ఇది మీ రెండవ కునుకు. తదుపరి కునుకుతో వాహనం నిలిచిపోతుంది. శుభరాత్రి అనే మాట అప్పుడు వినిపిస్తుంది."

శుభరాత్రి అట. దీనికి ఈ మర్యాదలు నేర్పినవాడు ఎదురుపడితే వాడికి నాలుగు మర్యాదలు నేను నేర్పేదాన్ని.

నీళ్ళు రోడ్డంచు తాకాయి. అల కాదు, చప్పుడు లేదు. సంతకొచ్చినట్టు తాపీగా ఎక్కుతున్నాయి. ఒక చేప పిల్ల హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు మీద గిలగిలా కొట్టుకుని అవతలి నీళ్ళలోకి పోయింది. దాన్ని చూసి నాకు నిద్ర పూర్తిగా వదిలింది. చేపకి బాగుంది కదా అని ఈగలకి బాగుండదు.

దారిలో మళ్ళీ ఇళ్ళు, మళ్ళీ చీకటి. ఒక చోట గాజుల చప్పుడైంది. ఇంకో చోట మళ్ళీ దగ్గు. ఈ ఉప్పుగాలికి అందరికీ దగ్గు పట్టుకున్నట్టుంది.

ఇంతలో ఇంకో దీపం కనపడింది. పరిగెత్తినట్టే పోయాను. కిటికీలోంచి ఒక ఆడమనిషి తొంగి చూసింది. వెనకాల ఎవరో పసిబిడ్డని ఊపుతున్న చప్పుడు.

"ఎలుగుతా ఉంటే వచ్చేరేంటండీ?" అంది.

"ఎలుగుతా ఉందనే వచ్చినా తల్లీ. దావన పొయ్యేదాన్ని. రవ్వంత చోటు."

"బాలింతండీ, పుట్టింటికి పోతా దిగింది. కదల్చకూడదండి. చీకటిగా ఉన్న ఇల్లు సూసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, సాక్ష్యం కింద రాసుకో. చోటు లేదంటే లేదనాలి. అర్ధరాత్రి ఒంటరి ఆడదాన్ని పట్టుకుని చీకటి ఇల్లు చూసుకోమనడమేంటి? మా ఊళ్ళో ఆ మాట ఎవరినైనా అంటే రెండు తరాలు మాటలుండవు. చావు ఇల్లు చూసుకో అన్నట్టే.

"నేను నీకేం చేసినా? నీ ఇల్లు సల్లగుండ, అట్లనొచ్చునా నన్ను?"

"నేనేవన్నానండీ?" అంది ఆమె, నిజంగానే తెల్లబోయి. "అయ్యో, నేనేవన్నానండీ?"

నేను ఆగలేదు.

మాట 5: ఇంక దీపాల్లేవు

మాట 4 చెప్పి కాసేపే అయింది. బండి మళ్ళీ మాట చెప్పమంటోంది. నా కళ్ళ మీద దానికి నమ్మకం పోయినట్టుంది.

కోపం పనికొస్తుందని ఇప్పుడు తెలిసింది. కోపంగా ఉన్నంతసేపూ రెప్ప వాలలేదు. అందుకే ఆమెని మనసులో తిట్టుకుంటూ వచ్చాను. తిట్టేకొద్దీ తిట్లు తగ్గిపోయాయి. ఆమె మొహంలో తిట్టిన జాడ లేదు. పాపం, బాలింతని చూసుకుంటూ మేలుకుని ఉంది. పడక కూడా ఇచ్చింది. తిట్టే మనిషి అట్లా తెల్లబోదు. ఇదంతా ఆలోచించేసరికి కోపం పోయింది, కోపంతో పాటు మెలకువా పోయేలా ఉంది.

ముందు ఒక్క దీపం లేదు. కనుచూపు మేర ఎక్కడా లేదు. చక్రాల కింద నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. రోడ్డుకి అటూఇటూ పాతిన తెల్ల కర్రల మధ్యలోంచి ఊహించుకుని తోలుతున్నాను. రొద తగ్గింది. చలికి ఈగలు గుంపుకట్టి దగ్గరగా చేరాయి. పెట్టెల అడుగు రోడ్డుకి ఎంత ఎత్తుందో నాకు తెలుసు, ఎక్కువ లేదు.

"వెనక్కి తిప్పితే ఏమైతాది?" అని బండిని అడిగాను.

"వెనుక నీటి మట్టం ఇంతకంటే ఎక్కువగా ఉంది."

"ముందుకి?"

"ముందు కూడా."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"కుడివైపు వాహనం నిలిపే దిమ్మ ఉంది" అంది.

చూశాను. దిమ్మ ఉంది. పక్కన ఇల్లు ఉంది. చీకటిగా ఉంది.

భయమేస్తోంది. నీళ్ళకి కూడా ఇంత భయపడలేదు. తలుపు తీసినవాళ్ళ మొహం మారుతుంది, అది మళ్ళీ చూడాలి. చూస్తాను. తిడితే తిట్టించుకుంటాను. నోరు తెరిచిన వెంటనే చావు కబురు కాదని చెప్పేస్తాను, ఆ తర్వాత ఏమన్నా పడతాను. నా నలభై పెట్టెల కోసం ఒక ఇంటివాళ్ళ గుండె ఒక్కసారి ఆగితే ఆ పాపం నాదే. బండీ, రాసుకో. తలుపు తట్టడానికి దిగుతున్నాను.

మాట 6: తెల్లారాక

నిద్రపోయాను. ఎంత బాగా నిద్రపోయానో చెప్పడానికి ఏ యాసలోనూ మాటలు లేవు. ఇప్పుడు రాత్రి సంగతి చెబుతాను. వరసగానే చెబుతాను, బండి దిగులుపడనక్కర్లేదు.

నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. తలుపు మీద చెయ్యి వెయ్యకముందే పక్కన చీకట్లో ఎవరో దగ్గారు. అరుగు మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు, ముసలి మొగుడూ పెళ్ళాం, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారి కోసం ఎదురుచూసేవాళ్ళలా.

"చావు కబురు కాదు" అన్నాను. అనుకున్నట్టుగానే ముందు అదే అన్నాను.

"ఆయ్" అన్నాడు ముసలాయన.

"చావు కబురేంటి తల్లీ" అంది ఆమె. "రండి, రండి. ముందు బండి ఎక్కించండి. ఇంతసేపు చేశారేంటండీ."

బండి దిమ్మెక్కింది. వెనక చక్రాలు నీళ్ళలోంచి పైకి రావడం అద్దంలో చూశాను. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఒక్క ఊపిరి వదిలాను, దాంతో రెప్పలు కూడా వాలిపోయాయి.

"మూడవ కునుకు. వాహనం నిలిచిపోయింది. ఓబులమ్మగారూ, శుభరాత్రి."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది, దాచను. రెండూ కలిసి వస్తుంటే ఆమె బండి తలుపు తీసి నా చెయ్యి పట్టుకుని దింపింది. ఆమె పేరు పేరంటాలు. ఆయన పేరు ఏడుకొండలు. తరవాణి అన్నం, ఉల్లిపాయ పెట్టారు. ఈగలకి తడిగోనెలు కప్పాలంటే ఆయనే కప్పాడు, పెట్టెలకి చెవి ఆనించి వింటూ, చిన్నపిల్లాడిలా. అప్పుడు అడిగాను, చీకట్లో ఎందుకు కూర్చున్నారని.

"మీ కోసవేనండి" అంది పేరంటాలు. "ఈగల బండి వత్తందని పొద్దున్నే తెలిసిందండి. ఎవరి దీపం ఎలుగుతాదోనని కట్టంతా కాసుక్కూచుంది. తీరా సూత్తే ఎలిగిన ఇంటికాడే ఆగుతున్నారు, చీకటి ఇళ్ళన్నీ వదిలేసి పోతన్నారు. మా వల్ల తప్పేవైనా జరిగిందేమోనని అనుకున్నావండి."

"పిలవచ్చు కదక్కా. ఒక్క కేక వేసింటే."

"పిలవకూడదండి. దగ్గచ్చు. అంతవరకే."

అప్పుడు చెప్పింది. ఉప్పెన వచ్చిన రాత్రి ఈ వరసలో ఒక్క ఇంట్లోనే దీపం ఉంది, పేరంటాలు అక్క ఇంట్లో. ఆ అక్క అరుగు మీద నిలబడి దారి తప్పినవాళ్ళందరినీ కేకేసి పిలిచింది. పడవలన్నీ ఆ వెలుగుకే వచ్చాయి. వచ్చినవాళ్ళందరినీ ఎక్కించుకుంది.

"అంతమంది బరువుకి ఇల్లు ఆగలేదండి" అంది పేరంటాలు. "పక్కనే ఈ ఇల్లు. మేవిద్దరవే ఉన్నాం. ఇంకో ఇరవైమంది పట్టేవోరు. దీపం తడిసిపోయి ఎలగక, ఇక్కడ ఇల్లున్నట్టు కూడా ఎవరికీ తెలీలేదు."

అప్పటినుంచీ ఈ లంకల్లో ఇదే పద్ధతి. దీపం వెలిగితే నిండినట్టు. చీకటిగా ఉంటే చోటున్నట్టు. ఇంటివాళ్ళు దీపం ముట్టుకోరు. వచ్చినవాళ్ళే వెలిగించాలి. ఇది ఈ నీళ్ళమీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు కాబట్టి, తెలియనివాళ్ళు కూడా ఉంటారని ఎవరికీ తట్టలేదు. నాకూ అంతే. దీపం ఆర్పిన ఇల్లంటే ఏమిటో లోకమంతా తెలుసనుకున్నాను.

మా నాయన పోయిన రాత్రి సంగతి వాళ్ళకి చెప్పాను. ఏడుకొండలు లేచి లోపలికి వెళ్ళాడు. తర్వాత అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మరి ఎలిగించండమ్మా. జనం కూకునున్నారు."

ఏ జనం అనుకున్నాను. వాకిట్లోకి వెళ్ళి, గుంజ మీది దీపం దించి, వెలిగించి మళ్ళీ తగిలించాను. గాలికి రెండు పుల్లలు పట్టాయి. వెలుగు నీళ్ళ మీద పడగానే, నేను వచ్చిన దారి వైపు, అవతలి చీకటి ఇంట్లోంచి ఒక గొంతు వినపడింది.

"ఎలిగిందర్రా. పడుకోండి."

దాని వెనకాల ఇంకో ఇంటి నుంచి అదే మాట. ఆ తర్వాత ఇంకో ఇల్లు. నేను దాటొచ్చిన ఇళ్ళన్నిటి మీదుగా ఆ మాట వెనక్కి, వెనక్కి పోయింది, మడ చెట్లు దాటి, గాజుల చప్పుడైన ఇల్లు దాటి. ప్రతి చీకటి అరుగు మీదా ఎవరో ఒకరు ఉన్నారన్నమాట. అందరూ నా కోసం మేలుకుని, నేను ఎందుకు ఆగడం లేదో తెలియక కూర్చుని ఉన్నారు. చివర్లో ఎక్కడో చాలా దూరాన దగ్గు కూడా వినపడింది. అతనికి నిజంగానే దగ్గుందేమో, పాపం.

నేను మంచం మీద పడుకున్న సంగతి గుర్తుంది, దుప్పటి కప్పుకున్నది గుర్తులేదు.

పొద్దున లేచేసరికి రోడ్డు లేదు. తెల్ల కర్రల కొసలు మాత్రం ఉన్నాయి. వాటిని చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. పడమటిలంక వాళ్ళు కబురందుకుని చల్లటి వేళకే పడవలు తెచ్చారు. పెట్టెలు ఎక్కించారు, ఒకటి తప్ప.

ఆ ఒకటి నేనే దింపించాను. ఇంటి వెనక గుర్రపుడెక్క తెప్పల మీద పేరంటాలు పెంచిన గుమ్మడి పాదులున్నాయి. ఏడుకొండలు రోజూ తెల్లవారగానే చెవి మీద కుంచె పెట్టుకుని, పువ్వు పువ్వుకీ వంగి పుప్పొడి అద్దుతాడట. ఆ తెప్పల పక్కన పెట్టె మూత తీశాను. ఈగలు కాసేపు గాలిలో గుండ్రంగా తిరిగి చోటు చూసుకున్నాయి, తర్వాత ఒక్కొక్కటే పువ్వుల్లోకి దిగాయి. ఏడుకొండలు చెవి మీది కుంచె తీశాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చి తీసుకుపోతారండీ?" అని అడిగింది పేరంటాలు.

"తీసుకుపోను అక్కా. చూసేదానికి వస్తా."

మధ్యాహ్నానికి రోడ్డు తేలింది. బయల్దేరుతుంటే పేరంటాలు వాకిట్లో దీపం చూపించింది. పెట్టినవాళ్ళే తియ్యాలట.

"కొండెక్కించేసి ఎల్లండమ్మా."

"ఇంత నీళ్ళల్లో కొండ యాడుందక్కా ఎక్కడానికి?"

"ఒక్కడున్నాడు కదండీ" అంది, మొగుడి వైపు చూసి. ఏడుకొండలు సిగ్గుపడి చెవి మీది కుంచె సర్దుకున్నాడు.

నా చేత్తో నేనే దీపం ఆర్పాను. మా పక్క ఇది అశుభం, కానీ నాకు ఏమీ అనిపించలేదు. ఈ రాత్రికి ఆ ఇల్లు చీకటిగా ఉంటుంది. ఎవరో వస్తారు.

రోడ్డు మీదికి రాగానే బండి అడిగింది, ఈ మాటలు ఎవరికైనా పంపాలా అని. పంపమన్నాను, మా పక్క నుంచి ఈ దారిన వచ్చే ప్రతి బండికీ. బాలింత ఉన్న ఆ ఇంటికి కూడా, నా క్షమాపణతో. మిగతావాళ్ళకి ఇంతే చెప్పమన్నాను. దీపం వెలుగుతున్న ఇల్లు దాటిపోండి. చీకటిగా ఉన్న ఇంటి తలుపు తట్టండి, భయం లేదు. మీరొచ్చేదాకా లోపల ఎవరూ నిద్రపోరు.